వచ్చేవాళ్లు, పోయేవాళ్లు: సంగారెడ్డి జిల్లాలో దేశంలోపలి వలస

దసరా వెళ్లిన కొద్ది రోజులకు నారాయణఖేడ్ ప్రాంతపు తండాల ముందు లారీలు ఆగుతాయి. వంటగిన్నెలు, గోనెసంచుల్లో బియ్యం, చలికి దుప్పట్లు, చెరుకు కొట్టే కత్తులు, చంకన పిల్లలు, అన్నీ ఎక్కాక ఇంటికి తాళం పడుతుంది. కొన్ని కుటుంబాలు కామారెడ్డి, నిజామాబాద్ వైపు పోతే, కొన్ని సరిహద్దు దాటి కర్ణాటక, మహారాష్ట్ర చెరుకు తోటలకు పోతాయి. మళ్లీ ఊరు చూసేది ఉగాది దగ్గరపడ్డాకే. అవే రోజుల్లో అదే జిల్లా తూర్పు అంచున, పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి కొత్త కుర్రాళ్లు భుజాన సంచులతో దిగుతుంటారు. రెండు మూడు రాష్ట్రాలు దాటి వచ్చినవాళ్లు వీళ్లు. నారాయణఖేడ్ నుంచి పటాన్‌చెరుకు వంద కిలోమీటర్లు కూడా ఉండదు.

పక్కనే వందల ఫ్యాక్టరీలు ఉండగా తండావాసి చెరుకు కోతకు పరాయి రాష్ట్రం ఎందుకు పోతున్నాడు? గయ నుంచో బలంగీర్ నుంచో మరొకడు ఆ ఫ్యాక్టరీ గేటు దాకా ఎలా వస్తున్నాడు? పని ఉన్నచోటికి జనం పోతారన్న మామూలు జవాబు ఈ జిల్లాలో సరిపోదు. పని ఉంటే చాలదు, అక్కడికి దారి పడాలి. ముందు వెళ్లిన బావమరిదో, చేతిలో అడ్వాన్సు పెట్టిన మేస్త్రీయో, పెళ్లి సంబంధమో ఆ దారి వేస్తారు. దేశం లోపలి వలసలను అర్థం చేసుకోవడానికి సంగారెడ్డి జిల్లా ఇంత మంచి చోటు కావడానికి కారణం ఇదే. ఇక్కడ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఒకే జాతీయ రహదారి మీద ఎదురుపడతారు.

ఎవరు వలసదారు?

జనగణన లెక్కలో ఒక మనిషి ఇప్పుడున్న ఊరు, అంతకుముందు నివసించిన ఊరు వేరైతే ఆ మనిషి వలసదారు. ఈ కొలతతో 2011 జనగణన తేల్చిన సంఖ్య సుమారు 45 కోట్లు. దేశ జనాభాలో వందకు 37 మంది. వినగానే దేశమంతా రైలెక్కినట్టు అనిపిస్తుంది గానీ, వీళ్లలో రాష్ట్రం దాటినవాళ్లు ఐదున్నర కోట్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే. మిగతావాళ్లంతా సొంత రాష్ట్రంలోనే, చాలామంది సొంత జిల్లాలోనే ఊరు మారినవాళ్లు.

ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్నవాడు ఎర్నెస్ట్ జార్జ్ రావెన్‌స్టైన్. జర్మనీలో పుట్టి బ్రిటన్‌లో పటాలు గీసే పనిలో స్థిరపడిన ఆయన, 1881 నాటి బ్రిటిష్ జనగణన పట్టికలు ముందేసుకుని 1885లో వలస సూత్రాలు రాశాడు. ఎక్కువమంది దగ్గరి దూరాలకే పోతారని, ప్రతి ప్రవాహానికీ ఒక ఎదురు ప్రవాహం ఉంటుందని, దగ్గరి దూరపు వలసల్లో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువని ఆయన చెప్పిన మాటలు నూట నలభై ఏళ్ల తరవాత కూడా నిలబడి ఉన్నాయి.

ఆడవాళ్ల సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే వలస అనగానే వాళ్లు గుర్తుకు రారు. 2020–21లో కేంద్ర గణాంక శాఖ జరిపిన శ్రామిక సర్వే ప్రకారం దేశంలో మగవాళ్లలో 10.7 శాతం వలసదారులైతే ఆడవాళ్లలో 47.9 శాతం. ఆ ఆడవాళ్లలో నూటికి 86 మందికి పైగా ఊరు మారింది పెళ్లి వల్ల. అత్తారింటికి పోవడాన్ని మనం వలస అనం. అది ఆచారం, అది సహజం అనుకుని ఊరుకుంటాం. ఆర్థిక శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం అలాగే ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం తప్పని తేలింది పటాన్‌చెరు నుంచే.

అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో మొదలైంది. 1975 నుంచి ఆ సంస్థ కొన్ని మెట్ట గ్రామాల్లో మనుషులను పెట్టి, కుటుంబాల ఆదాయం, ఖర్చు, అప్పు, పంట, పెళ్లి అన్నీ ఏళ్ల తరబడి రాయించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలోని షిరాపూర్, కల్మన్, కంజరా, కిన్‌ఖేడా ఆ తొలి ఊళ్లు. మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ లెక్కలు తీసుకుని 1989లో ఒక పరిశోధన ప్రచురించారు. వానను నమ్ముకున్న కుటుంబాలు కూతుళ్లను దూరపు ఊళ్లకు ఇవ్వడం వెనుక ఒక లెక్క ఉందని అందులో తేల్చారు. ఒక ఊళ్లో వాన మొహం చాటేసిన ఏడు ముప్ఫై మైళ్ల అవతల ఊళ్లో పడవచ్చు. అక్కడ వియ్యంకులుంటే గింజలకో, చేబదులుకో ఆసరా దొరుకుతుంది. పంటల బీమా అనే మాట తెలియని ఇంట్లో ఆ పని ఆడపిల్ల పెళ్లి చేసింది. ఆ పిల్లను ఎవరూ వలస కూలీ అనలేదు. ఆమె వల్ల నిలబడిన ఇళ్లు మాత్రం లెక్కలో కనిపించాయి.

నెట్టే ఊరు, లాగే ఊరు

వలసకు కారణాలను సొంత ఊరి నుంచి నెట్టేవి, కొత్త ఊరికి లాగేవి అని రెండుగా విడదీయడం పుస్తకాల్లో స్థిరపడింది. ఎవరెట్ లీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1966లో దీనికి ఒక రూపం ఇస్తూ, ఈ రెంటి మధ్య అడ్డంకులుంటాయని, వాటిని దాటే శక్తి అందరికీ ఒకేలా ఉండదని కూడా చెప్పాడు. జనం మొదటి సగాన్ని గుర్తుపెట్టుకుని రెండో సగాన్ని మరిచిపోయారు. అసలు విషయం ఆ రెండో సగంలోనే ఉంది.

నెట్టడం అంటే ఏమిటో తెలంగాణకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ కట్ట మొదలుకుని ఎన్నో రాష్ట్రాల ఆనకట్టలు, కాలువలు, రోడ్ల మీద మట్టి తట్టలు మోసింది మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు. గుంపు మేస్త్రి వానకాలం చివర ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు పంచేవాడు. ఆ డబ్బు పాత అప్పుకో, పెళ్లికో పోయేది, అది తీరేదాకా మనిషి మేస్త్రి చెప్పిన చోట పని చేయాల్సిందే. అంతకు ముందటి తరాల్లోనూ ఇదే దారి. పంతొమ్మిదో శతాబ్దంలో బొంబాయి నగరాన్ని కట్టిన తెలుగు కూలీలను కామాఠీలు అనేవారు. ముంబైలోని కామాఠీపురాకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. కరీంనగర్, వరంగల్ వైపు పద్మశాలీలు మగ్గాలు వదిలి షోలాపూర్, భీవండి పోయి అక్కడ మరమగ్గాల ముందు నిలబడ్డారు. ఉత్తరాంధ్ర జనం రంగం పోయారు, అంటే రంగూన్. 1937లో బర్మాను విడదీసేదాకా అది బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి, ఆ ఓడ ప్రయాణం కూడా అప్పటి లెక్కన దేశం లోపలి వలసే. ఒక గీత మారగానే వాళ్లంతా పరదేశులయ్యారు.

నారాయణఖేడ్ తండాల్లో నెట్టేది వాన మీద ఆధారపడ్డ చిన్న కమతాలు, పంట కోశాక ఆరేడు నెలలు ఖాళీ చేతులు. అయితే దారి వేసింది మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు. చెరుకు కోతలో పని లెక్క మనిషికి కాదు, జంటకు. మరాఠ్వాడాలో ఆ జంటను కోయితా అంటారు, కత్తి పేరే మనుషుల పేరైంది. మొగుడు గడ నరుకుతాడు, పెళ్లాం మోపు కట్టి బండి దాకా మోస్తుంది. అలా పనికి జంటే కొలత కావడంతో పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉండలేరు. వాళ్లూ వెంట పోతారు, బడి మధ్యలో ఆగుతుంది. ఫ్యాక్టరీ ఉద్యోగానికి కావలసిన పదో తరగతి కాగితం ఆ పిల్లల చేతికి ఎందుకు రాదో ఇక్కడే తెలుస్తుంది. వంద కిలోమీటర్ల దూరంలోని పటాన్‌చెరు అందకపోవడానికి తొలి అడ్డంకి ఆ కాగితం, రెండోది మొదటి నెల జీతం వచ్చేదాకా కిరాయికి, తిండికి చేతిలో ఉండాల్సిన డబ్బు. చెరుకు మేస్త్రి ముందే ఇస్తాడు, ఫ్యాక్టరీ తరవాత ఇస్తుంది. ఈ తేడా తెలిస్తే లారీ ఎటు పోతుందో అర్థమవుతుంది.

సరిహద్దు దాటితే మరో నష్టం కూడా ఉంది. లంబాడాలు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే భాష, ఒకే చుట్టరికం, మూడు ధ్రువపత్రాలు. సొంత రాష్ట్రపు కాగితం పక్క రాష్ట్రంలో చెల్లదు కాబట్టి, అక్కడే స్థిరపడదామనుకున్న కుటుంబం రిజర్వేషన్ హక్కును సరిహద్దులో వదిలి వెళ్లాలి. మనుషులకు దేశమంతా తిరిగే, నివసించే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. హక్కులు మాత్రం మనిషితోపాటు ప్రయాణం చేయవు.

పటాన్‌చెరు ఎలా లాగింది

ఇటు లాగే వైపు చూస్తే, పటాన్‌చెరు పట్టీ ఒక్కరోజులో తయారు కాలేదు. 1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వచ్చింది. విద్యుత్ యంత్రాలు చేసే ఆ ప్రభుత్వ సంస్థలో పని కోసం అన్ని రాష్ట్రాల ఇంజనీర్లు, టెక్నీషియన్లు వచ్చారు. వాళ్లకు క్వార్టర్లు, బడి, ఆస్పత్రి ఉన్న టౌన్‌షిప్ కట్టారు. ఈ నేల మీద తొలి పెద్ద వలస గౌరవంగా జరిగిన వలస. ఉద్యోగంతోపాటు ఇల్లు కూడా దొరికితే వచ్చినవాడు ఎలా స్థిరపడతాడో ఆ కాలనీ చూపించింది. ఆ తరవాత వచ్చినవాళ్లకు ఆ భాగ్యం లేదు.

ఇక్కడి నుంచి కదలాల్సి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇక్రిశాట్‌కు కావలసిన సుమారు 3,500 ఎకరాల కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు లేచిపోయాయి. లోకంలోని మెట్టరైతుల కోసం పనిచేసే సంస్థకు చోటివ్వడానికి మెట్టరైతులే కదిలారు. వలసల లెక్కలో ఇలాంటి కదలికలకు విడిగా ఒక పేరుంది, నిర్వాసితులు. మంజీర మీద సింగూరు ప్రాజెక్టు కట్టినప్పుడు మరికొన్ని ఊళ్లు ఆ మాటలో చేరాయి. జహీరాబాద్ దగ్గర న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాలతో తలపెట్టిన జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తి మండలి కోసం జరిగిన భూసేకరణ ఈ తరం ఉదాహరణ.

1970లు, 80లలో పరిశ్రమలకు అసలు ఊపు వచ్చింది. మెదక్ వెనుకబడిన జిల్లా కావడంతో పరిశ్రమలకు రాయితీలు దొరికాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాక ఢిల్లీ చూపు ఇటు మళ్లింది. ఎద్దుమైలారంలో సైనిక వాహనాలు చేసే ఆయుధ కర్మాగారం 1984లో మొదలైంది. అదే సమయంలో మందుల పరిశ్రమ విస్తరించింది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుల మీద కాక తయారీ విధానం మీదే పేటెంటు ఇచ్చింది. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. నగరానికి దగ్గర, భూమి చవక, పుణె–మచిలీపట్నం రహదారి పక్కనే. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, పాశమైలారం ఒకదాని తరవాత ఒకటి ఫ్యాక్టరీ ఊళ్లయ్యాయి.

మొదటి తరం కార్మికుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, పాత మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవాళ్లు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. తరవాతి దశాబ్దాల్లో పర్మినెంట్ ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పని పెరగగానే భాషలు మారాయి. ఇప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రం షిఫ్టు వదిలినప్పుడు హిందీ, భోజ్‌పురి, ఒడియా, బెంగాలీ తెలుగుతో పోటీ పడి వినిపిస్తాయి. వరసగా కట్టిన రేకుల గదులు, ఒక్కో గదిలో నలుగురైదుగురు; పగలు షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు.

కాంట్రాక్టర్లు దూరపువాళ్లనే ఎందుకు కోరుకుంటారన్నది ఈ పట్టీలో దాపరికం లేని సంగతి. దూరం నుంచి వచ్చినవాడు పన్నెండు గంటలు పని చేస్తాడు, ఆదివారం ఓవర్‌టైమ్‌కు కాదనడు. బోనాలకు, బంధువుల పెళ్లికి సెలవు అడగడు. గొడవైతే వెనకేసుకొచ్చే ఊరి సర్పంచి ఉండడు. స్థానికులు కష్టపడరన్న మాట ఇక్కడ తరచు వినిపిస్తుంది. అది అన్యాయమైన మాట. స్థానికుడికి ఇల్లుంది, ఊరుంది, కాదనే ధైర్యముంది. ఆ ధైర్యం లేని మనిషి కోసం వెతుకులాట రాష్ట్రాలు దాటిపోతుంది. వలస వచ్చినవాడు ఎవరి ఉద్యోగమూ లాక్కోలేదు. కాదనలేని మనిషే కావాలన్న నియామక పద్ధతి ఇద్దరికీ నష్టం చేస్తోంది.

ఈ స్థానిక, స్థానికేతర వాదన తెలంగాణకు కొత్త కాదు. 1919 నాటి నిజాం ఫర్మానా పదిహేనేళ్లు నివాసమున్నవాళ్లనే ముల్కీలుగా గుర్తించింది. 1952 ముల్కీ ఉద్యమం, 1969 ఉద్యమం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో వచ్చిన 610 జీవో, అన్నిట్లోనూ ప్రశ్న ఒక్కటే: వచ్చినవాడు ఎప్పటికి మనవాడవుతాడు? అయితే ఆ చర్చంతా సర్కారు కొలువుల చుట్టూ తిరిగింది. ఫ్యాక్టరీ షెడ్డులో కాంట్రాక్టు కూలీ గురించి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఇంటి లెక్క

వేతనాల తేడా చూసి మనిషి ఒంటరిగా నిర్ణయం తీసుకుంటాడని పాత ఆర్థిక శాస్త్రం అనుకుంది. 1970లో హారిస్, తొడారో అనే ఇద్దరు ఆ లెక్కలో ఒక సవరణ చేశారు. పట్నంలో పని దొరకడం ఖాయం కాకపోయినా, దొరికితే వచ్చే కూలీని, దొరికే అవకాశాన్ని కలిపి బేరీజు వేసుకుని జనం వస్తారన్నారు. పటాన్‌చెరు అడ్డా మీద పొద్దున ఆరింటికి నిలబడితే ఇది కళ్లారా కనిపిస్తుంది. పారలు, తాపీలు, టిఫిన్ డబ్బాలతో వచ్చినవాళ్లలో కొందరిని మేస్త్రీలు బండెక్కిస్తారు. పదింటి దాకా నిలబడి మిగిలినవాళ్లు వెనక్కి పోతారు. మర్నాడు మళ్లీ వస్తారు. నెలలో పదిహేను రోజులు పని దొరికినా ఊళ్లో దొరికేదానికంటే మేలు.

1985లో స్టార్క్, డేవిడ్ బ్లూమ్ మరో అడుగు ముందుకేసి, నిర్ణయం తీసుకునేది మనిషి కాదు కుటుంబం అన్నారు. ఇది మన ఇళ్లలో ఎప్పుడూ తెలిసిన సంగతే. పెద్దకొడుకు పొలం చూస్తాడు, రెండోవాడు పట్నం పోతాడు. బోరు ఎండిన ఏడు వాడు పంపిన డబ్బుతో ఇల్లు గడుస్తుంది, కంపెనీ మూతపడ్డ ఏడు వాడికి ఊళ్లో అన్నం ఉంటుంది. పూర్తిగా ఊరు వదలకుండా, పట్నంలో పూర్తిగా ఉండకుండా ఏళ్ల తరబడి మధ్యలో గడిపే ఈ జీవితాన్ని చక్రీయ వలస అంటారు. మన దేశంలో పని కోసం జరిగే వలసలో పెద్ద భాగం ఇదే. జనగణన దీన్ని సరిగా పట్టుకోలేదని తెలిసి, 2016–17 ఆర్థిక సర్వే రైలు టికెట్ల లెక్కలు తీసి చూసింది. 2011–16 మధ్య ఏటా సుమారు 90 లక్షల మంది రాష్ట్రాలు దాటుతున్నారని అంచనా కట్టింది.

చైనాలో ఇదే మధ్యజీవితాన్ని చట్టమే సృష్టించింది. 1958 నుంచి అమలైన హుకోవు పద్ధతిలో పుట్టిన ఊరి రిజిస్ట్రేషనే బడికి, వైద్యానికి ఆధారం. 2020 జనగణన నాటికి అలా సొంత రిజిస్ట్రేషన్‌కు దూరంగా బతికేవాళ్లు 37 కోట్లు దాటారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఓటు, బడి, కుల ధ్రువపత్రం అన్నీ సొంత ఊరికే కట్టేసి ఉండటంతో ఫలితం మాత్రం చాలా దగ్గరగా ఉంది. అమెరికాలో 1910–70 మధ్య దక్షిణాది నుంచి అరవై లక్షల మంది నల్లజాతి ప్రజలు ఉత్తరాది నగరాలకు వెళ్లిన మహావలసలో కూలీ ఒక్కటే కారణం కాదు. అవమానం నుంచి, మూకహత్యల నుంచి పారిపోవడం కూడా. మన పల్లెల నుంచి పట్నం బస్సెక్కిన దళిత యువకుల్లో ఎందరికో పట్నం ఇచ్చింది కూలీ మాత్రమే కాదు, పేరు వెనుక కులం అడగని కొన్ని గంటలు కూడా. కిరాయి గది వెతుక్కునేటప్పుడు ఆ ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది, అది వేరే సంగతి.

ఇటుక బట్టీలు

హైదరాబాద్ చుట్టూ ఉన్న జిల్లాల ఇటుక బట్టీలకు మరో దారి ఉంది, అది పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వస్తుంది. అక్కడి కొత్తబియ్యం పండుగ నువాఖాయి భాద్రపదంలో వస్తుంది. పండుగ ఖర్చు మీద పడ్డ వారాల్లోనే సర్దార్లు అనే మేస్త్రీలు అడ్వాన్సులతో దిగుతారు. కాంటాబంజి రైల్వేస్టేషన్ చలికాలం మొదట్లో ఈ కుటుంబాలతో నిండిపోతుంది. బట్టీలో పని కొలతను పాతురియా అంటారు: ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక బిడ్డ. చెరుకు కోతలో బిడ్డ వెంట ఉంటుంది. ఇక్కడ బిడ్డ లెక్కలోనే ఉంది. మట్టి కలిపి, అచ్చు పోసి, ఎండబెట్టి, ఎన్ని వేల ఇటుకలైతే అంత కూలీ. అడ్వాన్సు పోను మిగిలింది సీజను చివర ఇస్తారు, అంటే మధ్యలో వెళ్లిపోవడం కుదరదు.

ఒడియాలో ఈ అడ్వాన్సు కూలీని దాదన్ అంటారు. ఆ దోపిడీ మీద ఒడిశా 1975లో చట్టం చేసింది. దాని అనుభవం నుంచే 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, కార్మికుడికి పాస్‌బుక్కు, రానూపోనూ ప్రయాణ ఖర్చు, నెల కూలీలో సగం మేర స్థానభ్రంశ భత్యం ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. మంచి చట్టం. నలభై ఏళ్లలో ఆ పాస్‌బుక్కు చూసిన కూలీలు బహు తక్కువ. 2020లో దాన్ని వృత్తి భద్రతా స్మృతిలో కలిపేశారు. కొత్త నిర్వచనంలో కాంట్రాక్టరు లేకుండా తనంతట తాను వచ్చినవాడికీ చోటు దొరికింది, అది మేలే. వర్తించే హద్దు మాత్రం ఐదుగురి నుంచి పదిమందికి పెరిగింది. చిన్న ముఠాలను వాడే చోట ఆ అంకె మార్పు ఎవరికి లాభమో ఊహించడం కష్టం కాదు.

2020 మే 1

ఈ దేశం తన లోపలి వలసను ఒక్కసారిగా కళ్లు తెరిచి చూసిన ఏడు 2020. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. సంగారెడ్డి పక్కన కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాల నిర్మాణంలో వందలమంది జార్ఖండ్, బీహార్, ఇతర రాష్ట్రాల కూలీలు అక్కడే షెడ్లలో చిక్కుకుపోయారు. పని ఆగింది, కూలీ బకాయి పడింది, ఇంటికి దారి లేదు. ఏప్రిల్ 29న ఓపిక నశించి రోడ్డెక్కారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. రెండు రోజుల తరవాత, మే 1న తెల్లవారకముందే, వాళ్లను బస్సుల్లో లింగంపల్లి స్టేషనుకు చేర్చారు. 4 గంటల 50 నిమిషాలకు, 24 బోగీలతో, సుమారు 1,200 మందితో ఒక రైలు జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. దేశంలో తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు అది. ఆ తరవాత వేల రైళ్లు నడిచాయి. మొదటిది మేడే నాడు సంగారెడ్డి కూలీలతో నడవడం యాదృచ్ఛికం కావచ్చు. ఆ రైలును రప్పించింది మాత్రం రెండు రోజుల ముందు కందిలో వాళ్లు చేసిన నిలదీత అని చెప్పకపోతే చరిత్రకు అన్యాయం.

తెలంగాణ ప్రభుత్వం అప్పుడు వలస కార్మికుడికి తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. రేషన్ కార్డు ఏ రాష్ట్రంలో ఉన్నా ఎక్కడైనా బియ్యం తీసుకునే పద్ధతికి 2019 ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ప్రయోగం మొదలై ఉంది. లాక్‌డౌన్ తరవాత అది దేశమంతటికీ వేగంగా విస్తరించింది. 2021లో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు వచ్చింది.

వెళ్లినవాళ్లలో చాలామంది కొన్ని నెలల్లోనే తిరిగి వచ్చారు. ఊళ్లో పని లేదు, మేస్త్రి ఫోన్ చేశాడు, కొన్నిచోట్ల కాంట్రాక్టర్లే టికెట్లు కొని పంపారు. రావెన్‌స్టైన్ చెప్పిన ఎదురు ప్రవాహం ఒకే ఏడాదిలో రెండు దిక్కులా పారింది.

లాగిన చేయే నెట్టినప్పుడు

ఫ్యాక్టరీ దూరపువాణ్ని లాగుతూనే దగ్గరివాణ్ని నెడుతుంది. పటాన్‌చెరు, బొల్లారం వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు పోయాయి. వాగు పక్క ఊళ్లలో వరి పండని పొలాలు, తాగలేని బావులు, చచ్చిన గొడ్లు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ పోరాటం మోశారు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చినా కథ ముగియలేదు. స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ కేంద్రం నుంచి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ప్రచురించిన ఫలితాల్లో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. చేను పోయిన రైతుకు రెండే దారులు: భూమి అమ్ముకుని వెళ్లిపోవడం, లేదా తన చేనును చంపిన పరిశ్రమ గేటు దగ్గరే వాచ్‌మన్‌గా చేరడం. రెండోవాడు ఊరు కదలలేదు కాబట్టి ఏ లెక్కలోనూ వలసదారు కాడు. వ్యవసాయం నుంచి మాత్రం అతను వలస పోయాడు.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. మృతుల్లో ఎక్కువమంది బయటి రాష్ట్రాలవాళ్లు. దేహాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉండటంతో డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఒడిశా నుంచి, బీహార్ నుంచి తండ్రులు, అన్నదమ్ములు వచ్చి రక్తం ఇచ్చి, పటాన్‌చెరు ఆస్పత్రి ముందు రోజుల తరబడి కూర్చున్నారు. వాళ్లలో చాలామంది తమవాడు పనిచేసే ఊరిని అప్పుడే మొదటిసారి చూశారు.

మళ్లీ లెక్క

2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడి, జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో జరగనుంది. దేశం లోపలి వలసల మీద మనకున్న పూర్తి పట్టికలు ఇప్పటికీ 2011 నాటివే. అప్పటికి సంగారెడ్డి జిల్లాయే లేదు, అది 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి విడివడింది. ఫిబ్రవరి నెల చెరుకు కోతలు ముమ్మరంగా ఉండే నెల, ఇటుక బట్టీలు రాజుకునే నెల. లెక్క రాసే ఉపాధ్యాయుడు నారాయణఖేడ్ తండాకు పోతే తాళాలు వేలాడే తలుపుల మధ్య ఒక ముసలమ్మ ఉంటుంది. ఆమె కొడుకూ కోడలూ ఆ రోజు ఏ చెరుకు తోట గట్టున గుడిసె వేసుకున్నారో ఆమెకు తెలియకపోవచ్చు, మేస్త్రి పేరు మాత్రం చెబుతుంది. ఇటు ఇస్నాపూర్‌లో రేకుల గది తలుపు తడితే రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు కళ్లు నులుముకుంటూ లేస్తాడు. చివరగా నివసించిన చోటు ఏదని అడిగితే బీహార్‌లోని ఒక ఊరి పేరు చెబుతాడు. ఇక్కడికి ఎందుకు వచ్చావంటే పని కోసం అంటాడు. ఎవరి ద్వారా వచ్చావన్న ప్రశ్న ఆ ఫారంలో ఉండదు.